ఎర్ర ఇంకుతో రాసిన ఆరో అంశం

ఖమ్మంలో నర్సులు నలుగురు కలిసిన చోట నా గురించి ఒక కథ చెప్తుంటారు. మేనేజ్‌మెంటు వాళ్లు మోసపు కాగితం ముందు పెడితే, ఎస్తేరక్క కావాలనే సంతకం చేసి, వాళ్లు సంబరపడుతుండగా ఎర్ర పెన్ను తీసి ఒక్క వాక్యంతో వాళ్ల నోరు మూయించిందట. పోయిన ఏడాది నర్సుల దినోత్సవానికి నాకు శాలువా కప్పి, డబ్బాలో పెట్టిన ఎర్ర పెన్ను కూడా ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. నేను నవ్వి తీసుకున్నాను. తీసుకోవడం నా తప్పు. ఆ కథలో పెన్ను ఒక్కటే నిజం, మిగతాది అబద్ధం. నా నోరు మంచిది కాదని ఎలాగూ పేరుంది కాబట్టి, అసలు సంగతి నేనే రాస్తాను. నచ్చనివాళ్లు పెన్ను వెనక్కి తీసుకోవచ్చు.

అది 2023 వానాకాలం. భద్రాచలానికి ఇటువైపు, పత్తిచేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఆసుపత్రి. ఒక ట్రస్టు నడుపుతుంది. పేరు రాయను. నేను అక్కడ ప్రసూతి వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ని. మాది ముదిగొండ. బీఎస్సీ నర్సింగ్ చేసి అక్కడ చేరి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆదివారం చర్చికీ, మా ఆయన మొహం చూడటానికీ ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో ఇంటికి పోయేదాన్ని. మిగతా రోజులు ఆసుపత్రి వెనక క్వార్టర్లోనే. యూనియన్ పెట్టినప్పుడు కార్యదర్శి ఎవరంటే అందరూ నా పేరే చెప్పారు. అభిమానంతో అనుకునేరు, పోట్లాడే పని ఉంటే పోట్లాడే మనిషికి అప్పజెప్పారు, అంతే.

జరిగింది అర్థం కావాలంటే మా పనిలోని రెండు పద్ధతులు ముందు చెప్పాలి.

మొదటిది హ్యాండోవర్. షిఫ్టు మారేటప్పుడు పోయే నర్సు వచ్చే నర్సుకు పేషెంట్లను అప్పజెప్పడం. ఏ మంచం మీద ఎవరు, ఏ సెలైన్ ఎంతవరకు ఎక్కింది, ఏ మందు ఎప్పుడివ్వాలి, అన్నీ. అన్ని ఆసుపత్రుల్లోనూ ఉంటుంది గానీ, మా దగ్గర ఒక వింత ఉంది. వచ్చిన నర్సు సరిగ్గా ఎనిమిదింటికి చార్జ్ బుక్కులో ముందు సంతకం పెట్టేయాలి. పెట్టాక మంచం మంచం తిరిగి చూసుకోవాలి. బుక్కులో రాసినదానికీ మంచం మీద ఉన్నదానికీ తేడా కనిపిస్తే, అరగంటలోపు తన సంతకం కిందే ఎర్ర ఇంకుతో రాయాలి. అలా రాసింది బుక్కులో భాగమే. ఎవరూ కాదనడానికి లేదు. ఒకసారి అల్మారాలో ఇంజెక్షన్లు తగ్గి గొడవైతే ట్రస్టు చైర్మన్ గారు సొంతంగా ఆలోచించి, సంతకం చేసి, గోడకు అంటించిన సర్క్యులర్ అది. ముందు చూసి కదా సంతకం పెట్టాలి అని మీరంటారు. నేనూ చేరిన కొత్తలో అన్నాను. కానీ ఒక పని ఇరవై ఏళ్లు రోజూ చేశాక చెయ్యి మన మాట వినదు. కాగితం ముందుకొస్తే మా చెయ్యి మొదట సంతకం పెడుతుంది. కళ్లు తర్వాత చదువుతాయి.

రెండోది ఎస్కార్ట్. మా దగ్గర నయం కాని కేసును పెద్దాసుపత్రికి పంపేటప్పుడు అంబులెన్సులో ఒక నర్సు తోడు వెళ్లాలి. పేషెంటును దించగానే అంబులెన్సు తిరిగొచ్చేస్తుంది, ఇంకో కేసు ఉండొచ్చు కాబట్టి. నర్సు మాత్రం అక్కడివాళ్లకు కాగితాలు అప్పజెప్పి, వాళ్ల సంతకం తీసుకునేదాకా ఆగాలి. ఆ తర్వాత బస్సు. ఆ బస్సు ప్రయాణం డ్యూటీ కాదట! వానలకు బస్సు ఆగిపోయి, మర్నాడు పొద్దున షిఫ్టుకు అందుకోలేకపోతే వేలిముద్ర మిషన్ ఆబ్సెంట్ వేస్తుంది. కాంట్రాక్టు నర్సుకు ఏడాదిలో మూడు ఆబ్సెంట్లు పడితే రెన్యువల్ ఉండదు.

ఈ మూడో ఆబ్సెంట్ అంచున ఉన్నది జ్యోతి. కోయ పిల్ల, జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివింది, కాంట్రాక్టు మీద మా దగ్గర మూడేళ్లుగా పనిచేస్తోంది. అడవి లోపలి గూడేల నుంచి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి తెలుగు అంతంత మాత్రం. బీపీ బిళ్ల మానొద్దు అని చెప్పాలన్నా, భయపడకు అని చెప్పాలన్నా జ్యోతినే పిలిచేవాళ్లం. దాంతో ఎస్కార్ట్ రోస్టర్లో ఎవరి పేరున్నా చివరికి అంబులెన్సు ఎక్కేది జ్యోతే. 'భాష వచ్చిన పిల్ల కదా' అనేవాళ్లం. అనేవాళ్లం ఏమిటి, అనేదాన్ని. రోస్టర్ వేసేది నేనే.

అప్పటికి జ్యోతికి రెండు ఆబ్సెంట్లు పడ్డాయి. కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది.

యూనియన్ డిమాండ్లు మూడు. జీతాల పెంపు, వార్డులో ఒక నర్సుకు ఇంతమందికి మించి పేషెంట్లు ఉండకూడదనే హద్దు, ఎస్కార్ట్ సమయం. బేరసారాలకు మా తరఫున ముగ్గురం కూర్చున్నాం. నేను, జ్యోతి, ఆపరేషన్ థియేటర్ నర్సు రమాదేవి. రమ పిల్లలిద్దరూ ఖమ్మం కాలేజీల్లో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండేవాళ్లు. అందుకని ఆమెకు మొదటి డిమాండే డిమాండు. తప్పేమీ లేదు. అవతల చైర్మన్ గారు, హెచ్చార్ వినయ్. చైర్మన్ గారి తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడినవాళ్లు. ఎప్పుడూ గొంతు పెంచరు. నాలాంటివాళ్లకు అలాంటి మనుషులతోనే కష్టం.

మూడో విడత మాటలు ఒక పొద్దున, మందుల షాపు మీదున్న మీటింగు గదిలో మొదలయ్యాయి. వారం నుంచి ముసురు. గోదారి పొంగి భద్రాచలం వైపు రోడ్డు మీద నీళ్లున్నాయి.

"ఎస్తేరమ్మా, జీతాలు ఒప్పుకున్నాం, పేషెంట్ల లెక్కా ఒప్పుకున్నాం. ఇంకా ఆ దారి గొడవ ఎందుకండీ?" అన్నారు చైర్మన్ గారు.

"పోయేటప్పుడు నర్సు, వచ్చేటప్పుడు ప్యాసింజరా సార్? యూనిఫాం అదే, మనిషి అదే. మధ్యలో ఉద్యోగం ఎక్కడ దిగిపోయింది?"

బల్ల కింద రమ నా కాలు తొక్కింది. చెవి దగ్గరికి వంగి, "అక్కా, జీతం చేతికొచ్చేదాంక నీ నోటికి జర ప్లాస్టరేస్తవా?" అంది.

వినయ్ ల్యాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తకుండా, "రిటర్న్ జర్నీ మేం ట్రాక్ చేయలేం సిస్టర్. ఎవరు ఎక్కడ ఆగారో ఎవరికి తెలుసు?" అన్నాడు.

జ్యోతి పర్సులోంచి రబ్బరుబ్యాండు వేసిన బస్సు టికెట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "టికెట్ మీద టైం ఉంటది సార్. చూడుండ్రి. పోయిన నెల పొద్దుగాల తొమ్మిదింటికి దిగిన. ఉరుక్కుంట వచ్చి వేలు పెట్టిన. మిషన్ తీసుకోలే."

వినయ్ ఆ కట్టను చూశాడు గానీ ముట్టుకోలేదు.

అప్పుడే ఇంటర్‌కమ్ మోగింది. లేబర్ రూమ్. ఫిట్స్ కేసు. జ్యోతి కట్టను మళ్లీ పర్సులో వేసుకుంది, ముగ్గురం లేచి మెట్ల మీద ఉరికాం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మాట వినబడితే నర్సు కూర్చోలేదు.

ఎనిమిదో నెల గర్భిణి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అడవిలోపలి గూడెం నుంచి అన్న ఆటోలో తెచ్చాడు. బీపీ ఆకాశంలో ఉంది. మేం వెళ్లేసరికి ఒక ఫిట్ అయిపోయింది. మా భాషలో ఎక్లాంప్సియా. కడుపుతో ఉన్న మనిషికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం. తల్లీబిడ్డా ఇద్దరూ పోయే జబ్బు. డ్యూటీ డాక్టరు మెగ్నీషియం సల్ఫేట్ పెట్టమన్నారు. ఫిట్స్ ఆపే మందు అది. కాస్త ఎక్కువైతే ఊపిరి కూడా ఆపుతుంది. అందుకే అది ఎక్కిన పేషెంటును వదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. మోకాలి మీద తట్టి కాలు కదులుతుందో లేదో చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, మూత్రం వస్తుందో లేదో చూడాలి. తేడా వస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి.

మా మత్తు డాక్టరు సెలవులో ఉన్నారు. తల్లికీ, నెలలు నిండని బిడ్డకూ ఐసీయూ ఒకేచోట దొరకాలంటే ఖమ్మమే. అంబులెన్సు తలుపు తెరిచారు. ఆ అమ్మాయి అన్న స్ట్రెచర్ పట్టుకుని మొత్తుకుంటున్నాడు.

"జల్దీ జేయుండ్రమ్మా. నేను ఖమ్మం మిర్చి యార్డుల హమాలీ పని జేస్త. ఆడ అంత నాకు ఎరికే. ఎవలన్న ఒక సిస్టరు తోడొస్తే సాలు."

డాక్టరు కాగితం మీద రాస్తూ, "ఎస్కార్ట్ ఎవరు?" అన్నారు.

స్ట్రెచర్ చుట్టూ డాక్టరు, అంబులెన్సు డ్రైవరు, రమ, నేను. మా వెనకే దిగొచ్చిన చైర్మన్ గారు మెట్ల దగ్గర. అందరం జ్యోతి వైపు చూశాం.

"భాష వచ్చిన అమ్మాయి ఉంది కదండీ. ప్రాణం ముఖ్యం," అన్నారు చైర్మన్ గారు.

జ్యోతి ఎస్కార్ట్ మందుల కిట్టు అందుకుని, పర్సులోంచి టికెట్ల కట్ట తీసి నా కోటు జేబులో పెట్టింది.

"అక్కా, నీకు హ్యాండోవర్ ఇస్తున్న. రెండున్నయ్. ఒకటి, ఇగమీదట పోయొచ్చే టైమంత డ్యూటీనే. రెండు, ఇంతకుముందు పడ్డ ఆబ్సెంట్లు కొట్టెయ్యాలె. రెండక్కా. మర్శిపోకు."

"నేను మర్శిపోతనా? ఎక్కు ముందు."

తలుపు మూశారు. టైము పన్నెండు కావస్తోంది.

పైకెళ్లి కూర్చున్నాం. కుర్చీలో నేనున్నాను గానీ నా ప్రాణమంతా ఆ బండిలో ఉంది. వాన పెరిగింది. దారిలో రెండు వాగులు. కుదుపులకు రెండో ఫిట్ వస్తే ఒక్క చేత్తో పేషెంటును పట్టుకుని, ఇంకో చేత్తో ఆక్సిజన్ మాస్కు పెట్టాలి ఆ పిల్ల. అప్పుడు గుర్తొచ్చింది, కిట్టులో కాల్షియం గ్లూకోనేట్ ఉందా? ముందురోజు ఒక కేసుకు వాడాం. తిరిగి పెట్టానా? పెట్టినట్టూ అనిపిస్తుంది, అల్మారా ముందు నిలబడి ఇంకేదో మాట్లాడుతూ మరిచిపోయినట్టూ అనిపిస్తుంది. జ్యోతికి ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. కొత్తగూడెం దగ్గరపడేదాకా ఆ అడవి దారిలో మాకు సిగ్నల్ దొరకదు. డ్రైవరుకు చేశాను. అదే గొంతు, అదే మాట. కింద స్టోరుకు ఫోన్ చేస్తే, "చూసి చెప్తా సిస్టర్" అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు.

ఎదురుగా వినయ్ ఏదో చదువుతున్నాడు. ఒకటో అంశం, రెండో అంశం. జీతాల దగ్గర రమ మొహం వెలిగింది. నాకు మాటలు వినబడుతున్నాయి గానీ లోపలికి దిగట్లేదు. ప్రింటర్ కుయ్యిమంది. కాగితం నా ముందుకొచ్చింది.

"ఇవాళ అనుకున్నవి సిస్టర్. ఎనిమిది అంశాలు. సైన్ చేసేయండి, భోంచేద్దాం."

చేశాను.

మోసం లేదు, బలవంతం లేదు, ఎత్తుగడ అసలే లేదు. వార్డులో ఎనిమిదింటికి పెట్టినట్టే పెట్టాను. రమ నా సంతకం చూసి తనది పెట్టింది. "నువ్వు చదివినవు గద," అంది. అప్పుడు, మా అలవాటు ప్రకారం, పైనుంచి మంచం మంచం చూసుకున్నట్టు చదవడం మొదలుపెట్టాను. ఆరో అంశం దగ్గర ఆగిపోయాను. 'ఎస్కార్ట్ విధుల విషయంలో ప్రస్తుత పద్ధతి కొనసాగుతుంది.'

వినయ్ కాగితం తీసుకోబోతే అరచేత్తో నొక్కి పట్టాను.

"ఆరోది మేం ఒప్పుకోలేదు."

"సంతకం పెట్టారు కదా సిస్టర్."

"పెట్టిన. ఇప్పుడు చదువుతున్న."

"అదెట్లా కుదురుతుంది? చదివి కదా పెడతారు ఎవరైనా!"

ఇరవై రెండేళ్లు ఎదుటివాళ్ల తప్పులు పట్టి బతికినదాన్ని, మొదటి ఏడాది స్టూడెంటు కూడా చేయని తప్పు చేశాను. కోటు జేబులో చెయ్యి పెడితే ముందు టికెట్ల కట్ట తగిలింది, దాని పక్కన ఎర్ర పెన్ను. వార్డులో రోజూ ఉండే పెన్నే. తీసి నా సంతకం కింద రాశాను. 'ఆరో అంశానికి మా అంగీకారం లేదు. ఎస్కార్ట్ వెళ్లి తిరిగి వచ్చే సమయమంతా డ్యూటీగా లెక్కించాలి.' పక్కన టైము వేశాను. వీరోచితంగా రాశానని చెప్తారు. ఆ కంగారులో 'లెక్కించాలి' అన్న మాట గీత దాటి కిందికి జారింది.

"సంతకం అయ్యాక ఈ రాతలేమిటమ్మా?" అన్నారు చైర్మన్ గారు.

"మీ సర్క్యులరే సార్. అరగంటలోపు, సంతకం కింద, ఎర్ర ఇంకు. గోడ మీదుంది, పోయి చూద్దామా?"

"అది వార్డుకండీ."

"వార్డులో చెల్లిన మా రాత ఈ గదిలో చెల్లదంటే, రేప్పొద్దున ఎనిమిదింటికి వార్డులో ఎవరూ ముందు సంతకం పెట్టరు. అన్ని మంచాలూ చూశాకే పెడతారు. ఎంతసేపైతే అంతసేపు. రాత్రి డ్యూటీ వాళ్లు అప్పటిదాకా కదలరు. మీరు చెప్పండి, ఏది కావాలో."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. వినయ్ ఆయన వైపు, నా వైపు చూస్తున్నాడు. రమ బల్ల కింద మళ్లీ నా కాలు తొక్కింది. జీతం కూడా పోతుందేమోనని ఆమె భయం. నా భయం ఇంకో చోట ఉంది.

అప్పుడు నా ఫోన్ మోగింది. జ్యోతి.

"అక్కా, కొత్తగూడెం దగ్గరకొచ్చినం. రెండో ఫిట్ రాలే. కాలు కదుల్తుంది, ఊపిరి మంచిగనే ఉన్నది."

"కాల్షియం గ్లూకోనేట్ ఉన్నదా కిట్టుల?"

"పొద్దుగాల నేనే పెట్టిన. నువ్వు మర్శినవని." ఆ పిల్ల నవ్వింది. ఇంజను మోత, వాన చప్పుడు. "అక్కా, ఆడ రెండూ అయినయా?"

బల్ల మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తున్నాయి. పేషెంటు బతికే ఉంది, ఇంజెక్షను ఉంది. గుండెల మీది నుంచి బండరాయి దింపినట్టుంది నాకు.

"ఆ, రెండూ అయితున్నయ్. నువ్వు పేషెంటును చూడు," అన్నాను.

ఫోన్ పెట్టేసేసరికి చైర్మన్ గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "సరేనమ్మా. మీరు రాసిందే ఉంచుదాం. ఒక్క అక్షరం మార్చను. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అమలు." రమ నన్ను వాటేసుకుంది. సాయంత్రానికల్లా ఆసుపత్రంతా పాకింది. అప్పుడు పుట్టింది ఆ ఎర్ర పెన్ను కథ.

ఖమ్మంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఇది మాత్రం కథలో ఎవరూ చెప్పరు.

జ్యోతి కాగితాలు అప్పజెప్పేసరికి సాయంత్రం దాటింది. వాగు రోడ్డెక్కి బస్సులు ఆగిపోయాయి. మర్నాడు పదకొండింటికి మా గేటు దగ్గర దిగింది. తడిసిన యూనిఫాం అలాగే ఆరిపోయి ఉంది. నేరుగా మిషన్ దగ్గరికి పోయి, అక్కణ్నుంచి వార్డుకొచ్చింది.

"మిషన్ మల్ల తీసుకోలే అక్కా. మూడోది. ఇప్పుడు పర్వాలే గద? నిన్న అయినయ్ గద రెండూ?"

నకలు నా టేబుల్ సొరుగులో ఉంది. తీశాను. ఎర్ర వాక్యం చదివాను. మళ్లీ చదివాను. ఇకమీదట సంగతి ఉంది. పాత ఆబ్సెంట్ల మాట లేదు. రెండు అప్పజెప్పింది, ఒకటే తీసుకున్నాను. రెండు సెలైన్లు ఎక్కుతున్న పేషెంటుకు ఒకటే రాసుకున్న నర్సును నేనైతే వార్డు మధ్యలో నిలబెట్టి కడిగేసేదాన్ని. జ్యోతి నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. మడిచి తిరిగి ఇచ్చింది. "రెండోది రాయలేదా అక్కా?" అంది. అంతే అంది. పోయి తలనొప్పి బిళ్ల వేసుకుని, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకు సాయం చేయడానికి నిలబడింది.

చైర్మన్ గారి దగ్గరికి పోయాను. పాత ఆబ్సెంట్లు కూడా కొట్టేయమని మొదటిసారి ఆయన్ని బతిమాలాను. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. "మీరు రాసిన వాక్యమే కదమ్మా. ఒక్క అక్షరం మార్చనన్నాను, మార్చలేదు. అమలు ఒకటో తారీకు నుంచి. అమ్మాయి కాంట్రాక్టు ముప్పై ఒకటితో అయిపోతుంది. కావాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోమనండి, చూద్దాం."

జ్యోతి పెట్టుకోలేదు. "మూడేండ్లు చేసినంక మల్ల కొత్తగ చేరాల్నా? నేనేమన్న ఫెయిలయిన్నా?" అంది. జ్యోతిని ఉంచమని అందరం కలిసి సంతకాలు చేసి ఇద్దామన్నాను, ఒప్పుకోకపోతే పని ఆపుదామన్నాను. సంతకాలు వచ్చాయి. పని ఆపడం దగ్గరికొచ్చేసరికి తలకాయలు కిందికి దిగాయి. రమ ఒక్కతే మొహం మీద చెప్పింది. "ఒచ్చింది గూడ పోతదక్కా. నాకు ఇద్దరు పిల్లలున్నరు. నువ్వు తిట్టుకుంటే తిట్టుకో." తిట్టాను. కానీ ఆమెను తిట్టడానికి నాకేం హక్కుందో ఇప్పటికీ తెలియదు. ఆమె చదవకుండా నా సంతకాన్ని నమ్మింది. జ్యోతి నన్నే నమ్మింది.

నెలాఖరున జ్యోతి వెళ్లిపోయింది. మరుసటి వారం కొత్త జీతం పడింది. నాకు కూడా.

తర్వాతి ఎండాకాలంలో భద్రాచలం బస్టాండులో కనిపించింది. వాళ్ల గూడెం దగ్గర సబ్‌సెంటర్లో చేస్తోందట, అదీ కాంట్రాక్టే. చేతిలో వ్యాక్సిన్ డబ్బా. అప్పట్నుంచీ నా సంచిలో మోస్తున్న టికెట్ల కట్ట తీసి చేతికిచ్చాను. చూసి నవ్వింది.

"ఇప్పుడు ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద, జీరో టికెట్టు అక్కా. దాని మీద గూడ టైం ఉంటది."

"కోపం ఉన్నదా నా మీద?"

"రాయలేదని కోపం లేదక్కా. గా బండిల ఫిట్స్ కేసు పోతుంటే నాకైనా చెయ్యి ఆడదు." డబ్బా ఇంకో చేతికి మార్చుకుంది. "గా దినం నువ్వు ఎక్కితే నేను కూసుందును గద? నా రెండు మాటలు నేనే అడుక్కుందును."

వాదించడం నా జబ్బు. అక్కడ కూడా వాదించాను. "నాకు మీ భాష రాదు గదా జ్యోతీ. నువ్వయితే ఆ పిల్లకు ధైర్యం చెప్తవని..."

"ఆమెకు ఫిట్స్ అక్కా. సూది మీద నిద్రల ఉన్నది. ఖమ్మం దాంక కన్ను తెరవలే. నేను ఏ భాషల మాట్లాడిన్ననుకుంటున్నవ్?"

"వాళ్లన్న..."

"ఆయనకు నా కన్న మంచి తెలుగొస్తది."

ఆమె బస్సు వచ్చింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది.

చదివి సంతకం పెట్టాలని ఈ కేసు నేర్పిందని రాస్తే, అది నర్సింగ్ స్కూల్లో మొదటి వారం చెప్పే పాఠం. నేను మానుకున్నాను, మా సర్క్యులర్ కూడా మారింది, ఇప్పుడు అందరూ చూశాకే పెడుతున్నారు. రోస్టర్ కూడా మారింది. ఎస్కార్ట్‌కు ఎవరి వంతు వస్తే వాళ్లే వెళ్తున్నారు, నా వంతు వస్తే నేనూ ఎక్కుతున్నాను. తిరిగొచ్చే బస్సు గంటలు డ్యూటీలో పడుతున్నాయి. ఎర్ర ఇంకు వల్ల మేమంతా బాగుపడ్డాం, అది ఎవరి కోసం రాశానో ఆ ఒక్క మనిషి తప్ప.

నాకు ఇంకా అంతుపట్టనిది వేరే ఉంది. శాలువా కప్పినవాళ్లను అడిగాను, రమను అడిగాను, నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, ఎవరూ సూటిగా చెప్పలేదు. ఆ రోజు స్ట్రెచర్ పక్కన అయిదుగురం ఉన్నాం. పేషెంటుకు స్పృహ లేదని అందరికీ కనిపిస్తోంది. ఆమె అన్న మా అందరి ముందే శుభ్రంగా తెలుగు మాట్లాడుతున్నాడు. ఎవరో ఒక సిస్టరు వస్తే చాలని నోరు తెరిచి చెప్పాడు కూడా. లేబర్ రూమ్‌లో ఇరవై రెండేళ్లు చేసిన మనిషిని నేను అక్కడే నిలబడి ఉన్నాను. అయినా అయిదుగురం ఒక్క జ్యోతి వైపే చూశాం. భాష కోసం కాకపోతే, మరి ఎందుకు చూశాం?